నేలచుక్క

శేషారత్నం ఆఫీసుకి రాగానే మొదట చేసే పని కాఫీ తాగడం కాదు, హాజరు వేయడమూ కాదు. గోడనున్న పెద్ద తెర దగ్గరికి వెళ్ళి, కింది వరసలో కుడిపక్క చివర వెలిగే పచ్చదీపాన్ని చూసుకోవడం. ఆ దీపం కింద "మొగపేట" అని రాసి ఉంటుంది. అది ఆమె పుట్టిన ఊరు. దీపం వెలుగుతోందంటే అమ్మ ఇంటి వెనక గోడకి బిగించిన పెట్టె పనిచేస్తోందన్నమాట. పెట్టె పనిచేస్తోందంటే గోడ ఉంది, గోడ ఉందంటే ఇల్లుంది, ఇల్లుందంటే అమ్మ ఉంది. ఇంత సులువుగా తల్లి క్షేమం తెలుస్తుంటే రోజూ ఫోను చేయడం దేనికి? చదువుకున్నవాళ్ళకి ఇలాంటి వెసులుబాట్లు బాగానే తోస్తాయి.

ఆమె పనిచేసే కేంద్రం తీరానికి ముప్పావుగంట దూరంలో, గువ్వలమెట్ట మీద ఉంది. సర్కారు కాగితాల్లో దాని పేరు బారెడుంటుంది. జనం మాత్రం దాన్ని "నేలచుక్క" అన్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. మెట్ట మీద ఆకాశాన్నంటే ఇనుప గోపురం. దాన్నుంచి బయల్దేరే అలలు పైకి ఎగిరిపోకుండా నేలనీ నీళ్ళనీ అంటిపెట్టుకుని పాకుతూ పోతాయి. ఇలాంటి గోపురాలు తీరం పొడుగునా ఉన్నాయి. పడవలో ఉన్న చిన్న డబ్బా రెండు మూడు గోపురాల మాట విని, ఎవరి మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని, తనెక్కడుందో చెబుతుంది. ఆ పని ఉపగ్రహాలు చేస్తూనే ఉన్నాయి కదా, మళ్ళీ ఈ గోపురాలెందుకని శాసనసభలో కూడా అడిగారు. ఉపగ్రహం మాట అంత ఎత్తునుంచి దిగి వచ్చేసరికి చీమ గుసగుసంత మిగులుతుంది. పక్కన ఎవరు గట్టిగా దగ్గినా వినపడదు. గోపురం మాట అలా కాదు, పొలికేక. ఉపగ్రహాలు మూగబోయిన రోజున ఆ కేకే దిక్కు.

నేల మీద పాకే అలకి ఒక పెంకితనం ఉంది. ఎండు నేల మీద కాళ్ళీడుస్తుంది, ఉప్పునీటి మీద పరుగెడుతుంది. అది ఏ రోజు ఎలా నడుస్తోందో కనిపెట్టడానికి శేషారత్నం ఒక ఉపాయం కనిపెట్టింది. ప్రతి మొగ దగ్గరా, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, ఒక సాక్షిపెట్టెని పెట్టడం. పెట్టె ఎక్కడుందో కేంద్రానికి అంగుళాలతో సహా తెలుసు. అల అక్కడికి ఎంత ముందుగానో ఎంత వెనకగానో చేరితే, ఆ తేడాని చుట్టుపక్కల పడవలన్నిటికీ చెప్పి సరిదిద్దుకోమంటారు. మొగపేట పెట్టెని ఆమె వేరే ఎవరికీ అప్పగించలేదు. తన ఇంటి పెరట్లో, నూతికి చెయ్యి చాపితే అందేంత దూరంలో, వెనక గోడకి స్వయంగా బిగించింది. ఆ చోటుని కొలవడానికి వారం రోజులు పట్టింది. ఆ వారమంతా వాళ్ళమ్మ నూకాలమ్మ ఎండుచేపలు తిరగేస్తూ కూతుర్ని వింతగా చూసింది.

"దీనికేం సెయ్యాలే? తిండి పెట్టాలా?" అని అడిగింది.

"ఏం పెట్టక్కర్లేదమ్మా. పైన పలకకి పగటి వెలుతురు తగిలితే చాలు. నీ ప్రాణంలా చూసుకో. తమ్ముడితో సహా పడవలన్నీ దీని మీదే ఆధారపడతాయి."

"పేణంలా సూసుకోమంటావు. సరే," అని నూకాలమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టింది. శేషారత్నం నవ్వింది. పెట్టె మూత మీద పసుపు పడితే ఫరవాలేదని చెప్పింది. కదపకూడదని మాత్రం చెప్పలేదు. గోడకి బోల్టులు బిగించిన వస్తువుని ఎవరైనా కదుపుతారని ఆమెకు తోచనే లేదు.

* * *

వేసవి వేట నిషేధంలో పడవలన్నీ ఒడ్డున ఇసకలో పడుకుని ఉన్నాయి. ఆ రోజుల్లోనే ఒక గాలివానకి మొగపేట దీపం ఒకరోజంతా ఆరిపోయింది. పలక మీద ఏ తాటాకో పడి ఉంటుందనుకుంది శేషారత్నం. మర్నాడు దీపం మళ్ళీ వెలిగింది, ఆమె మనసు కుదుటపడింది.

మనసు కుదుటపడటమే కాదు, ఎగిరి గంతేసింది కూడా. ఎందుకంటే ఆ రోజునుంచీ మొగపేట పెట్టెకి అల ముందుగా చేరుతోంది. మెట్టకీ సముద్రానికీ మధ్య ఒకప్పుడు వరిచేలు, ఇప్పుడు మొత్తం రొయ్యల చెరువులు. సరిగ్గా ఆ రోజుల్లోనే రైతులు కొత్త పంటకోసం చెరువులకి ఉప్పునీరు పెట్టారు. చెరువులు నిండితే అల వేగం పెరుగుతుందని ఆమె రెండేళ్ళుగా వాదిస్తోంది. వినేవాడు లేడు. ఇప్పుడు రుజువు దానంతటదే వచ్చి ఒళ్ళో పడింది.

"నువ్వు చెప్పినట్టే అయిందమ్మా," అన్నారు డైరెక్టరు మొహిద్దీన్ గారు. ఆయన పెద్దమనిషి, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. తెర మీద అంకె చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "కాకపోతే నువ్వు లెక్కగట్టినదానికన్నా కాస్త ఎక్కువే ఉన్నట్టుంది?"

"చెరువులు కూడా లెక్కకన్నా ఎక్కువే తవ్వారు సార్," అంది ఆమె. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, నాలుగో కాలు కళ్ళెదురుగా కనపడుతున్నా చూడలేదు.

ఆ వారంలోనే ఒకసారి అమ్మ ఫోను చేసింది. హాలునిండా ఢిల్లీనుంచి వచ్చిన అధికారులు.

"శేసూ, ఇల్లు..."

"అమ్మా, మీటింగులో ఉన్నాను. మీ సంగతి నాకిక్కడ దీపంలో తెలుస్తూనే ఉంది."

"తెలుత్తందా?" నూకాలమ్మ గొంతులో ఆశ్చర్యం, ఆ వెనకే కొంచెం ఊరట. "నీ పెట్టె అంతా సెప్పేత్తందన్నమాట. అయితే సరేలే తల్లీ. పని సూసుకో."

తర్వాత చేద్దామనుకుంది శేషారత్నం. ఆ తర్వాత అనేది రాలేదు. రోజూ పొద్దున్నే దీపం వెలుగుతూనే ఉంది మరి.

* * *

వేట మొదలైన కొన్నాళ్ళకి సూర్యుడికి కోపం వచ్చింది. అది మనుషులకి తెలిసే కోపం కాదు. పొద్దున ఎండ ఎప్పటిలాగే కాసింది, కాకులు ఎప్పటిలాగే అరిచాయి. కానీ పైన ఉపగ్రహాలు ఆ సౌర తుపాను దెబ్బకి కొన్ని నోరు మూసుకున్నాయి, కొన్ని అబద్ధాలాడటం మొదలుపెట్టాయి. మధ్యాహ్నానికల్లా దారి చూపించే తెరలు లారీలని చేలగట్లమీదికి పంపాయి. ఏటీఎంలు మొరాయించాయి. సెల్‌ఫోను టవర్లు టైము కూడా ఉపగ్రహాల దగ్గరే అరువు తెచ్చుకుంటాయి. ఆ అరువు కాస్తా ఆగిపోయేసరికి ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయాయి.

గువ్వలమెట్ట మీద మాత్రం ఎవరి గడియారాన్నీ అరువు తెచ్చుకోలేదు. సొంత గడియారం, సొంత గోపురం, సొంత కరెంటు. పడవల్లోని డబ్బాలు ఉపగ్రహాలని వదిలేసి వాటంతటవే నేల అలలకి మారాయి. తెర మీద ఒక్కొక్క నీలం గుర్తే పోయి పసుపు గుర్తు వస్తుంటే శేషారత్నానికి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళూ "ఈ ఇనుము దండగ" అన్నవాళ్ళంతా ఆమెకి వరసగా గుర్తొచ్చారు.

పడవల వైర్‌లెస్సు సెట్లకి ఉపగ్రహాలతో పని లేదు. అవి ఒకదానితో ఒకటీ, కేంద్రంతోనూ నేరుగా మాట్లాడుకుంటాయి. సాక్షిపెట్టెలూ అంతే. వైర్‌లెస్సులో తమ్ముడు లోవరాజు గొంతు వినిపించింది.

"అక్కా! నీ సుక్క పొడిసిందే!"

ఆమె మైకు అందుకుని, "పొడిచిందిరా. వలలు తీసేసి వచ్చేయండి. వాయుగుండం సాయంత్రానికే తీరం తాకేలా ఉంది," అంది. గొంతులో గర్వం దాగలేదు.

మామూలు రోజైతే మొగపేటవాళ్ళకి ఇంత హంగామా అక్కర్లేదు. కొండ గుర్తులూ, ఒడ్డున తాటితోపూ చూసుకుని మొగలోకి వచ్చేసేవాళ్ళు. ఆ తాటిచెట్లని ఎప్పుడో సముద్రం తినేసింది. కొండని ఇప్పుడు వాన మింగేసింది. సముద్రపు కోతని ఆపడానికి ఒడ్డు పొడుగునా పోసిన రాళ్ళగోడ, ఏటి ముఖాన ఇసక మేట, ఆ రెండింటి నడుమ ఇరుకైన దారి. తెల్లటి వానలో ఆ దారిని చూసే కన్ను ఇప్పుడు డబ్బా ఒక్కటే.

ముందుగా వచ్చింది మసేను మావ పడవ. శేషారత్నం చిన్నప్పుడు మసేను మావ భుజమెక్కి తీర్థానికి వెళ్ళిన పిల్ల.

"అమ్మాయ్, మొగ ఇంకా అర కిలోమీటరుందంటంది డబ్బా," అన్నాడు మసేను. "అలల సొద మాత్రం దగ్గిరగా ఇనపడతంది. ఎల్లమంటావా?"

ఆమె తెర చూసింది. పసుపు గుర్తు నిబ్బరంగా, మొగకి దూరంగా, నడిసముద్రంలో ఉంది.

"వెళ్ళు మావా. ఇంకా బయటే ఉన్నావు."

ఆ తర్వాత వైర్‌లెస్సులో వినిపించింది మాట కాదు. చెక్క విరిగిన చప్పుడు, కేకలు, అంతలోనే సెట్టు మూగబోయింది.

* * *

ఒడ్డున రేవు సంఘం గదిలో ఉన్న సెట్టు నుంచి కబురు వచ్చింది. పడవ రాళ్ళగోడకి కొట్టుకుని రెండుగా చీలింది. మనుషులందరినీ ఆడవాళ్ళు మోకులు విసిరి లాగారు. మసేను కాలు మాత్రం రాళ్ళకీ పడవకీ మధ్య నలిగిపోయింది.

మొహిద్దీన్ గారు లేచి గోపురాన్ని ఆపేసే మీట దగ్గరికి నడిచి దాని మీద చెయ్యి వేశారు. ఆయన ముఖంలో కోపం లేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది.

"ఆపేద్దామమ్మా. దారి తెలియకపోతే మనిషి జాగ్రత్తపడతాడు. తప్పుదారి చూపిస్తే ధైర్యంగా వెళ్ళి చస్తాడు."

"ఆపేస్తే వాళ్ళకింకేం మిగులుతుంది సార్? వాయుగుండం నెత్తిమీదుంది. డీజిలు కూడా ఎంతోసేపు రాదు." ఆమె మైకు మళ్ళీ అందుకుంది. "లోపలికి రావద్దని చెప్తాను. తప్పెక్కడుందో చూడటానికి కాస్త టైమివ్వండి. కాస్తే."

ఆయన మీట మీంచి చెయ్యి తియ్యలేదు, నొక్కనూ లేదు.

ఆమె పడవలన్నిటినీ ఉన్నచోటే ఆగమంది. మొగకి ఎదురుగా నడినీటిలో, పాత ఓడ మునిగినచోట, గొలుసులతో కట్టిన ఎర్ర బోయా, అంటే గుర్తుకోసం తేలే పీపా, ఉంటుంది. అది ఎక్కడుందో పటాల్లో ఉంది. లోవరాజుని వెతికి దాని పక్కకి వెళ్ళమంది. వాడు ఎలాగో తడుముకుంటూ వెళ్ళి, బోయాకి పడవ కట్టి, డబ్బా చెప్పిన అంకెలు చదివాడు. అంకెల ప్రకారం వాడు బోయాకి అర కిలోమీటరు అవతల, సముద్రం వైపు ఉన్నాడు. మసేను పడవ రాళ్ళకి గుద్దుకున్న చోటుకి కూడా లెక్క కట్టింది. అదే అర కిలోమీటరు, అదే దిక్కు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తప్పు చెరువులదైతే ఒక్కోచోట ఒక్కోలా ఉండాలి. అందరికీ ఒకే దిక్కున, ఒకే కొలత తప్పు వస్తోందంటే అల తప్పు కాదు. కొలబద్దే జరిగింది.

"మొగపేట సంఘం," అని పిలిచింది మైకులో. "మా అమ్మ అక్కడుందా?"

ఉంది. కొడుకు సముద్రం మీదుంటే తల్లి ఇంకెక్కడుంటుంది?

"అమ్మా, పెట్టె ఎక్కడుంది?"

"ఎక్కడుంటాదే? దేవుడి గూట్లో. పలక పైన డాబా మీదెట్టేం. పొద్దున్నే దీపం ఎట్టి మరీ వచ్చేను."

"దేవుడి గూడేంటమ్మా? పెరట్లో గోడకి కదా ఉండాలి?"

వైర్‌లెస్సు గరగరలాడింది.

"పెరడేదే తల్లీ?" అంది నూకాలమ్మ. "ఇల్లు ఎల్లిపోయి నెల దాటలేదా? ఆ గాలోన రోజునే సంద్రం ఒంటింటిదాకా వచ్చేసింది. ఇప్పుడు కాలనీలో ఉన్నాం. నీకు తెలుసన్నావు గదా. దీపంలో తెలుత్తందన్నావు గదా."

దీపం కింద చీకటి అంటారే, అది తన తల మీదే కాపురముందని శేషారత్నానికి అప్పుడు తెలిసింది.

"అన్నిటికన్నా ముందు పెట్టెనే తీశామే," అమ్మ చెప్పుకుపోతోంది, సంజాయిషీ ఇస్తున్నదానిలా. "బియ్యం డబ్బా ఎల్లిపోయింది. మీ నాన్న పోటో ఎల్లిపోయింది. పెట్టెని మాత్రం ఒక్క సుక్క తడవనివ్వలేదు. తమ్ముడు గునపం పెట్టి ఊడదీసి నెత్తినెట్టుకుని పరిగెట్టేడు. పేణంలా సూసుకోమన్నావని..."

"అమ్మా, బాగా చేశారమ్మా," అంది. పెట్టెకి విలువంతా అది కదలకుండా ఉండటంలోనే ఉంది. ఆ ఒక్కమాట తను చెప్పలేదు. పెట్టె తను ఒడ్డునే ఉన్నాననుకుంటూ, మెట్టకి దాదాపు అర కిలోమీటరు దగ్గరగా, కాలనీలో దేవుడి గూట్లో కూర్చుని, ఊళ్ళో పడవలన్నిటికీ ఆ తేడాని పంచిపెడుతోంది.

కాలనీ ఇల్లు ఎక్కడుందో సరిగ్గా తెలిస్తే తేడా తీసేయొచ్చు. దాన్ని ఎవరూ కొలవలేదు. ఇప్పుడు కొలుద్దామన్నా ఉపగ్రహాలు లేవు. పెట్టెని పక్కనపెట్టి వేసవి ముందరి అంకెలే వాడదామంటే ఆ తర్వాత చెరువులు నిజంగానే నిండాయి. తప్పులో చెరువుల వాటా ఎంతో, ఇంటి వాటా ఎంతో విడదీసే దారి లేదు. గొలుసు మీద పదుల గజాలు అటూ ఇటూ ఊగే బోయాని నమ్ముకుని ఆ ఇరుకు దారిలోకి పడవని పంపలేరు. ఆ ఊరు మొత్తంలో అంగుళాలతో సహా తెలిసిన చోటు ఒక్కటే ఉంది, అది సముద్రంలో ఉంది.

"అమ్మా, మన ఇంటి దగ్గర ఏమైనా మిగిలిందా? ఏదైనా?"

"నుయ్యుందే. చుట్టూ ఇసకంతా పోయి సిమెంటు ఒర ఒక్కటీ నీళ్ళలో నిలబడింది. పిల్లలు దాన్ని సూత్తానికి ఎల్తంటారు."

శేషారత్నం కళ్ళు మూసుకుంది. నూతికి చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఆ పెట్టెని నూతి మీదికి తేవాలమ్మా. పలకతో సహా. అక్కడ ఎవరైనా పట్టుకుని నిలబడాలి. పడవలన్నీ లోపలికొచ్చేదాకా."

"ఎవరో ఎందుకు? మగోళ్ళందరూ నీళ్ళమీదున్నారు. నేనే ఎల్తాను. నా పెరడు నాకు తెలీదా?"

బోయా దగ్గర్నుంచి లోవరాజు అరిచాడు. "అమా, ఒద్దే! పోటెక్కుతాంది!"

"నువ్వు నోరుమూసుకుని పడవ సూసుకో," అంది నూకాలమ్మ. అంతటితో ఆమె గొంతు ఆగిపోయింది.

మొహిద్దీన్ గారు మీట మీంచి చెయ్యి తీసి, కుర్చీ లాక్కుని శేషారత్నం పక్కన కూర్చున్నారు.

* * *

తెర మీద మొగపేట దీపం ఆరిపోయింది. పలక తీగలు పీకేసి ఉంటారు. ఇన్నాళ్ళూ ఆ దీపం వెలిగితే చాలు, ఏమీ పట్టించుకోలేదామె. ఇప్పుడు అది ఆరిపోతే, అమ్మ ఎక్కడిదాకా వచ్చిందో అడుగడుగునా మనసులో నడిచింది. కాలనీ సందు, ఐస్ ఫ్యాక్టరీ, రామకోవెల, రాళ్ళగోడ. ఆ గోడ దిగి నీళ్ళలోకి. అమ్మకి మోకాళ్ళ నొప్పులని ఎప్పుడో తమ్ముడు చెప్పాడు. మందు పంపిస్తానంది. పంపించిందో లేదో గుర్తులేదు.

వైర్‌లెస్సులో సంఘం గదిలోని ముసలాయన చూసింది చూసినట్టు చెప్పసాగాడు. ఆడోళ్ళందరూ నడుముకి మోకు చుట్టుకుని వరసగా నీళ్ళలోకి దిగారు. పెట్టె నూకాలమ్మ నెత్తిన ఉంది. పలక మసేను భార్య చేతిలో ఉంది. ఇందాక మొగుణ్ణి ఆసుపత్రికి బండి ఎక్కించి, ఆమె మళ్ళీ ఒడ్డుకే వచ్చింది.

దీపం వెలిగింది.

దీపం పక్కన అల బలం చూపించే గీత ఒకటుంది. అది ఎప్పుడూ తిన్నగా ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఇప్పుడది తిన్నగా లేదు. ఉన్నట్టుండి కిందికి కుంగుతోంది, మళ్ళీ లేస్తోంది. కాసేపటికి శేషారత్నానికి అర్థమైంది. కెరటం వచ్చి పెట్టెని ముంచినప్పుడు గీత కుంగుతోంది. అమ్మ చేతులు దాన్ని పైకెత్తినప్పుడు లేస్తోంది. ఆమె కూర్చున్న చోటునుంచి సముద్రం కనపడదు, అమ్మా కనపడదు. ఆ గీత మాత్రం ఊపిరిలా ఆడుతోంది. ఇన్నాళ్ళూ దీపంలో తల్లి కనపడుతోందని చెప్పిన మాట ఇవాళ నిజమైంది.

"అంకెలు కుదిరాయి," అన్నారు మొహిద్దీన్ గారు. "బోయా దగ్గర తేడా లేదు. పిలువమ్మా."

ఆమె పిలిచింది. ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలిచింది. ఇందాక "వెళ్ళు మావా" అన్న నోటితోనే మళ్ళీ "రండి" అనడానికి ఎంత గుండె కావాలో ఆమెకే తెలుసు. మొదటి పడవవాడు మసేను మావ మేనల్లుడు.

"మీ అమ్మ నీళ్ళలో ఉందా అక్కా?" అని అడిగాడు.

"ఉంది."

"అయితే వత్తన్నాం."

రాళ్ళగోడకీ ఇసక మేటకీ నడుమ, తెల్లటి వానలో, ఏమీ కనపడని దారిలో వాడు డబ్బాని నమ్మి పడవ తోలాడు. కాసేపటికి రేవులోంచి కేక వినపడింది. తర్వాత ఇంకొకటి. పసుపు గుర్తులు ఒక్కొక్కటే మొగ దాటి ఏటిలోకి వచ్చి నిలబడ్డాయి. గీత కుంగడాలు మాత్రం ఎక్కువవుతున్నాయి, లేవడానికి ఆలస్యమవుతోంది. పోటెక్కుతోంది. ఒకసారి గీత కుంగి, శేషారత్నం రెండుసార్లు ఊపిరి పీల్చుకునేదాకా లేవలేదు.

బోయా నుంచి పడవ విప్పుకుని చివరగా వచ్చింది లోవరాజు. వాడి గుర్తు మొగ దాటగానే మొగపేట దీపం ఆరిపోయింది.

"అమ్మా!" అంది శేషారత్నం మైకులో. అక్కడ అమ్మ లేదని తెలిసీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. గరగర. డైరెక్టరుగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

చాలాసేపటికి సంఘం గది సెట్టులో ఎవరో ఎగశ్వాసతో మాట్లాడారు.

"శేసూ... పెట్టె తడిసిపోయిందే. ఏం అనుకోకు."

అప్పుడు ఏడ్చింది శేషారత్నం. అంతమంది ముందు, ఆఫీసులో, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

* * *

వారం తర్వాత ఉపగ్రహాలు కొన్ని కోలుకున్నాయి, కొన్ని పోయాయి. పేపర్లు నేలచుక్కని మెచ్చుకున్నాయి. ఢిల్లీనుంచి అభినందనలు వచ్చాయి. శేషారత్నం వాటికి జవాబు రాయలేదు. ముందు కాకినాడ ఆసుపత్రికి వెళ్ళింది.

మసేను మావకి మోకాలి కింద కాలు తీసేశారు. మంచం పక్కన నిలబడి ఆమె జరిగింది చెప్పింది.

"అయితే మీ పెట్టె తప్పు సెప్పిందన్నమాట," అన్నాడాయన.

"పెట్టె కాదు మావా, నేను. ఇంటికి ఒక్క ఫోను చేసి ఉంటే నీ కాలు ఉండేది."

మసేను ఫరవాలేదని అనలేదు. ఎందుకు అనాలి? ఇక ఆయన సముద్రం మీదికి వెళ్ళలేడు. కాసేపయ్యాక మాత్రం, "మీ అమ్మని సూసి ఎల్లు. అది జొరంతో మూలుగుతంది," అన్నాడు.

కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. అమ్మ ఇల్లు ఏదో ఆమె ముగ్గుర్ని అడగాల్సి వచ్చింది. కన్నతల్లి ఇల్లు అడిగి తెలుసుకోవాల్సి వచ్చినందుకు ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయింది. నూకాలమ్మ చాప మీద పడుకుని ఉంది. నూతి ఒరకి పట్టిన గుల్లలు కోసి అరచేతులు రెండూ పుళ్ళు పడ్డాయి. దేవుడి గూట్లో పెట్టె ఉండేచోట ఇంకా పసుపు మరక ఉంది. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె అంతా చెప్పింది, మొదటిసారి ఓపిగ్గా. పెట్టె పని ఒక్కటే, కదలకుండా ఉండటం. ఉన్నచోటే ఉంటేనే అది చెప్పేది నిజం.

నూకాలమ్మ విని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

"కదలకుండా ఉండే సోటు మనూళ్ళో ఎక్కడుందే? నా పెళ్ళయ్యేక ఇది మూడో ఇల్లు. మీ నాయనమ్మ కాపురం సేసిన ఇల్లు ఇప్పుడు వలలేసే కాడుంది."

కొత్త పెట్టెలు ఊళ్ళో పెట్టడం లేదని శేషారత్నం చెప్పింది. వెనక కొండ రాతి మీద రెండు పెడతారు. ఒకటి కదిలితే రెండోది పట్టేస్తుంది. దూరం కాబట్టి కొంత నిక్కచ్చితనం తగ్గుతుంది, అయినా సముద్రం అక్కడికి రాదు.

"మంచిదే," అంది నూకాలమ్మ. అంతలోనే, "మరి మేం? పెట్టె ఇక్కడ లేకపోతే మేం ఉన్నామో పోయామో నీకెలా తెలుత్తాదే?" అంది. ఎత్తిపొడుపు కాదది. ఆమెకి నిజంగానే ఆ సందేహం వచ్చింది.

శేషారత్నం అమ్మ పుళ్ళ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

ఇప్పుడు గువ్వలమెట్ట మీద తెర అలాగే ఉంది. మొగపేట పేరుతో రెండు దీపాలు వెలుగుతాయి. వాటిని చూసుకోవడం రాత్రి డ్యూటీ వాళ్ళ పని. శేషారత్నం పొద్దున్నే మెట్ట ఎక్కే ముందు, బండి ఆపి ఫోను చేస్తుంది. అందరూ ఎలా ఉన్నావని అడుగుతారు. ఆమె అలా అడగదు.

"ఎక్కడున్నావమ్మా?" అంటుంది.

"ఇంట్లోనే ఉన్నాను," అంటుంది నూకాలమ్మ. "సంద్రం ఇంకా ఇక్కడిదాకా రాలేదులే. ఎల్లి పని సూసుకో."

ఆమె వెంటనే వెళ్ళదు.